పెండ్లికి తెల్లపూలు

ఆ మధ్య మా మనవరాలి దుకాణానికి ఒక పెండ్లిపిల్ల వచ్చింది. భూపాలపల్లిలో గనుల కాలనీకి పోయే దారిలో మా మనవరాలు స్రవంతి పూల అలంకరణ దుకాణం నడుపుతుంది. మంటపాలకు, స్టేజీలకు, కార్లకు, అన్నింటికీ పూలు కడతారు. నేను పొద్దుటిపూట అక్కడే ఒక మూల కుర్చీ వేసుకుని మల్లెలు కట్టుకుంటూ కూర్చుంటాను. కట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు, చేతులు ఊరుకోవు కాబట్టి కడతాను. వచ్చిన పిల్ల తన ఫోన్ తీసి స్రవంతికి ఒక బొమ్మ చూపించింది. పెండ్లికూతురు చేతిలో పట్టుకునే బొకే. అన్నీ తెల్లపూలే, నడుమ నడుమ సన్నని పచ్చటి ఆకు. "రిసెప్షన్‌కు నాకు గిట్లనే కావాలె అక్కా. ఒక్క రంగుపువ్వు గూడ ఉండొద్దు" అన్నది. పక్కన నిలబడ్డ వాళ్లమ్మ మొహం ముడుచుకుంది. "పెండ్లికి తెల్లపూలేందే, జర ఎర్రయి పెట్టించుకో" అని గొణిగింది. ఆ మాట చెవిన పడగానే నా చేతిలోని నార ఆగిపోయింది. చిన్నప్పుడు జనగామలో మా బాపు నోట కూడా ఇదే మాట విన్నాను.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. స్రవంతి బడికి పోయే రోజుల్లో దాని పక్కన కూర్చుని, దాని పలక మీదే నేర్చుకున్నాను. అందుకే నా రాత నిదానం. ఆ పిల్ల పోయిన తరువాత ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను, ఇన్ని రోజులకు ఇక్కడిదాకా వచ్చింది.

జనగామలో మా ఇల్లు రైలు పట్టాలకు అవతల ఉండేది. ముందు తాటాకు పందిరి, వెనుక రెండు అర్రలు. పొద్దున ఎవరు మా వాకిట్లోకి వచ్చినా ముందు తగిలేది తడి గోనెసంచి వాసన, దాని వెనుక మరువం, ఆ తరువాతే మల్లెలు. అరటినారను నీళ్లకుండలో నానేసేవాళ్లం. ఆ నీళ్ల వాసన కొంచెం పులుపుగా ఉండేది, మా అందరి చేతులకూ అదే వాసన. బాపు ఒక బాయి కింది తోట కౌలుకు పట్టి పూలు పండించేవాడు. కోసుకొచ్చేది బాపు, నేను. కట్టేది మా అమ్మ. కట్టించేది మా బాపమ్మ, అంటే బాపు తల్లి. బాపమ్మ తను ఒక్క పువ్వు ముట్టేది కాదు. గడపలో గోడకు ఆనుకుని కూర్చుని, నోట్లో తమాకు పెట్టుకుని, "మొగ్గల తలకాయలు ఒకదిక్కే ఉండాలె, పోరీ. గవి కొట్లాడుకున్నట్టున్నయ్" అని అమ్మను సాధించేది. దండ పూర్తయ్యాక దాన్ని ఒక కర్రతో ఎత్తి వెలుతురులో తిప్పి చూసేది. వంక దొరికిందా, విప్పి మళ్లీ కట్టాల్సిందే.

బాపమ్మ పెండ్లి పూలు ఎందుకు ముట్టదో మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు. మా తాత చచ్చిపోయాడు కాబట్టి. నేను ఎందుకు ముట్టనో మాత్రం అందరూ చెప్పేవాళ్లు. నాకు చాలా చిన్నప్పుడే గూడూరు దిక్కు ఒక పిల్లవాడితో పెండ్లి చేశారు. ఆ పెండ్లిలో నేను అమ్మ భుజం మీద నిద్రపోయానట. నేను అత్తగారింటికి పోయే ఈడు రాకముందే అతడు జ్వరంతో పోయాడు. అతని మొహం నాకు గుర్తు లేదు. మా వాళ్లలో మారు మనువు తప్పు కాదు. నన్ను మళ్లీ ఎవరికైనా ఇవ్వడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ పెండ్లి పూలు ముట్టడం వేరే సంగతి. అది పూలు కట్టించుకునేవాళ్లు ఒప్పుకోవాల్సినది. బజారులో పెద్ద పెద్ద దుకాణాల సేట్ల ఇండ్లలో పెండ్లయితే జడలు, దండలు మేమే కట్టాలి. మొగుడు పోయిన పిల్ల చేయి తగిలిందని తెలిస్తే మళ్లీ మా వాకిలి తొక్కరు. తోటలో ఎవరు కోశారో ఎవరూ అడగరు, కట్టే చేయే లెక్క.

అందుకని కోసుకొచ్చిన పూలను పందిరి కిందే వేరు చేసేవాళ్లం. మల్లెలు, కనకాంబరాలు, బంతులు అమ్మ గంపలోకి. నందివర్ధనాలు, తెల్ల గన్నేరు నా గంపలోకి. నా దండలు చనిపోయినవాళ్ల మీదికి, వాళ్ల ఫోటోల మీదికి పోయేవి. ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి ఊళ్లన్నీ లేచిన ఏడు అది. బడులు మూతపడ్డాయి, కాల్పుల్లో పోయిన పిల్లల ఫోటోలు చౌరస్తాల్లో పెట్టేవాళ్లు. వాటికి దండలు నేనే కట్టాను. నా ఈడు పిల్లల మొహాలకు దండలు కట్టడం ఎట్లా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. పక్కనే అమ్మ గంపలో మల్లెలూ కనకాంబరాలూ కలిసి మెరుస్తుంటే, ఒక్కసారి, ఒక్క పెండ్లికి, నా చేత్తో కట్టాలని ఉండేది. అంతకంటే పెద్ద కోరిక నాకు అప్పుడు లేదు.

ఆ ఎండాకాలం కురవిలో వీరభద్రస్వామి గుడి దగ్గర మా చుట్టాల పెండ్లి ఉంటే అమ్మ, బాపమ్మ రైల్లో మానుకోటకు పోయి, అక్కడి నుంచి బస్సులో కురవి చేరారు. వాళ్లు చేరిన మర్నాడే బంద్ పడింది. రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి. ఇంట్లో నేనూ బాపూ మిగిలాం.

ఆ సాయంత్రం సుగుణక్క వచ్చింది. మిషన్ దవాఖానలో నర్సు. రోజూ మా ఇంటి ముందు నుంచే పోయేది, అప్పుడప్పుడు మల్లెలు కొనుక్కునేది.

"మల్లయ్య కాకా, రేపు నా పెండ్లి. చేతుల పట్టుకునే పూలు సికింద్రాబాదు నుంచి రావాలె. బండ్లు బందైనయ్."

"ఇంట్ల ఆడోళ్లు లేరు బిడ్డా. కురవిల చిక్కుకున్నరు."

"లచ్చవ్వ ఉన్నది గద."

బాపు నన్ను చూసి, నేలను చూశాడు. "అది పెండ్లి పూలు ముట్టది."

"ఎందుకు, చేతులు గిట్ల కాలినయా?" అని సుగుణక్క నిజంగానే నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. నర్సు కదా. బాపు చిన్న గొంతుతో సంగతి చెప్పాడు.

"మా పెండ్లిళ్ల గా పట్టింపు లేదు కాకా."

"మీకు లేదు బిడ్డా, బజారుకు ఉన్నది. వచ్చే నెల బట్టల దుకాణం సేటమ్మ బిడ్డ పెండ్లికి మేమే కట్టాలె. గామె చెవుల పడ్డదంటే మా గంప బోర్లపడ్డట్టే."

సుగుణక్క ఒక ఫోటో బాపు చేతిలో పెట్టింది. దవాఖానలో పెద్ద నర్సమ్మ పెండ్లి ఫోటో అట. తెల్లచీర కట్టుకుని, రెండు చేతుల్లో తెల్లపూల గుత్తి పట్టుకుని నిలబడి ఉంది. "గిట్లాంటిది. అన్నీ తెల్లయే. కాకుంటే ఒట్టి చేతులతోనే నిలవడుత, ఏం జేస్త" అని నవ్వడానికి చూసి వెళ్లిపోయింది.

బాపు ఆ ఫోటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "పెండ్లికి తెల్లపూలేందే? గివి సావుకు గద పెట్టేది?"

నేను బాపుకు ఎదురు మాట్లాడే పిల్లను కాను. కానీ ఆ రోజు మాట వచ్చేసింది. "గా అక్కకు తెల్లయే కావాల్నట బాపూ. ఒట్టి తెల్లపూలతోని కట్టుడు ఈ ఇంట్ల నా ఒక్కదానికే వచ్చు. అమ్మకు గూడ రాదు."

బాపు కాళ్లు కడుక్కుని, అంబలి తాగి, పడుకున్నాడు. మర్నాడు ఇంకా మసక ఉండగానే నన్ను తట్టి లేపాడు. "లే. ఎండ వస్తే పూలు వాడుతయ్."

ఆ తోటలో నేను అంత ఇష్టంగా పూలు కోసిన రోజు లేదు. ముద్ద నందివర్ధనాలు విచ్చినవి విచ్చినట్టే, మల్లెమొగ్గలు ముత్యాల్లాంటివి, ఒక్కటి వదలకుండా కోశాం. తిరిగి వచ్చి పందిరి కింద తడిగుడ్డ పరిచి పూలు పోసి, ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో పువ్వును తలకాయ వరకే గిల్లుతాం. దండకు కాడతో పనేముంది? చిన్నప్పటి నుంచి కాడ తెంపితే బాపు వీపు మీద ఒకటి వేసేవాడు, చెట్టు పాడవుతుందని. గంపెడు పూలున్నాయి, ఒక్కదానికీ కాడ లేదు. చేతిలో పట్టుకోవడానికి ఏముంది?

"ఫోటోల పూలే కనవడ్డయి బాపూ" అన్నాను.

బాపు ఫోటో తీసుకుని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "కాడలు గామె పిడికిట్ల ఉన్నయ్ గదనే! నాకు గూడ తట్టలే. ఇద్దరం ఇద్దరమే!" మళ్లీ తోటకు పోదామంటే చెట్ల మీద గట్టి మొగ్గలే మిగిలాయి. సుగుణక్క ఒట్టి చేతులు నా కండ్ల ముందు ఆడాయి. కాడలు లేకపోతే కాడలు పెట్టాలి. ఇంట్లో అటూ ఇటూ చూశాను. మూలన ఇంకా వాడని కొత్త చీపురు కనిపించింది. ఈత ఈనెలది, సన్నగా, గట్టిగా. చేయి చాపాను.

"ఏయ్!" బాపు అరిచిన అరుపుకు పక్కింటి మేక బెదిరింది. "పెండ్లిపిల్ల చేతుల చీపురుపుల్లలు పెడ్తవా? నన్ను ఈ ఊర్ల ఉండనిస్తవా, లేదా?"

"మరి ఈనెలు యాడికెళ్లి తేవాలె?"

బాపు పంచె ఎగ్గట్టి, రోలు ఎక్కి, పందిరి మీద నీడకని కొత్తగా కప్పిన పచ్చి ఈతమట్ట ఒకటి గుంజి కింద పడేశాడు. కత్తి తీసుకుని ఆకు చీరి ఒక్కొక్క ఈనె తీసి నా ముందు పెట్టడం మొదలుపెట్టాడు. బాపు ఎప్పుడు పూలు కట్టబోయినా ఆ గడ్డపార చేతుల్లో మొగ్గలు నలిగిపోయేవి. ఈనెలు మాత్రం ఒక్కటి విరగకుండా తీశాడు. నేను నందివర్ధనం గిల్లిన చోట పాలు కారడం ఆగేదాకా నీళ్లలో ఉంచి, కింది నుంచి ఈనె గుచ్చి, జారకుండా నారతో ఒక చుట్టు చుట్టాను. మల్లెలను చిన్న చిన్న మాలలుగా కట్టి అంచున జాలువారేటట్టు వదిలాను. బాయిగడ్డన దొరికిన పిల్లిపీచర తీగ, సూదుల్లాంటి ఆ సన్నని ఆకు, పూల నడుమ దూర్చితే ఈనెలు కనిపించకుండా పోయాయి. అన్నింటినీ ఒక్క పిడికిట్లోకి తెచ్చి అరటినార గట్టిగా చుట్టాను. నా కోసం నేను ఎప్పుడూ ఏదీ కట్టుకోలేదు, కానీ ఆ గుత్తిని ఒకసారి పొట్టకు ఆనించుకుని, ఆ నర్సమ్మలాగా నిలబడి చూశాను. బాపు చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆఖరుకు బాపు ఒక కనకాంబరం పువ్వు తెచ్చి, "ఒక్కటే. లోపట పెట్టు. ఎవలకు కనవడది" అన్నాడు.

"ఆమె ఒద్దన్నది బాపూ."

"మొండిదానా" అని ఆ పువ్వును తన నెత్తి రుమాలులోనే చెక్కుకున్నాడు. రోజంతా అట్లాగే తిరిగాడు.

గుత్తిని మోదుగాకుల్లో చుట్టుకుని బయలుదేరాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చౌరస్తాలో కాలేజీ పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఒకతను లేచి, "చెల్లే, ఇయ్యాల ఏ పూలూ నడువయి. బంద్ అని తెల్వదా?" అన్నాడు. "పెండ్లి పూలు అన్నా" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. ఆకు కొంచెం తెరిచి చూసి, "పెండ్లికి తెల్లయా?" అని నవ్వి, వాళ్లంతా జరిగి దారి ఇచ్చారు. వెనుక నుంచి ఇంకొకరు "పెండ్లిపిల్లకు జై తెలంగాణ అన్నమని చెప్పు!" అని కేకేశారు.

చర్చి దగ్గర పెండ్లికొడుకు అప్పుడే దిగుతున్నాడు. రైళ్లు లేక కాజీపేట నుంచి రాత్రంతా ఎడ్లబండిలో వచ్చాడట. కోటు నిండా దుమ్ము. ఎవరో గడ్డిపోచలు ఏరుతున్నారు. నేను గేటు దగ్గరే ఆగి ఎవరి చేతికైనా ఇచ్చి పోదామని చూస్తున్నాను. సుగుణక్క మెట్ల మీది నుంచి చూసి చేయి ఊపింది. "గాడ నిలవడ్డవేందే? ఇటు రా, నా చేతుల పెట్టు."

దగ్గరికి పోయి చిన్నగా అన్నాను. "నేను పెట్టొద్దక్కా. ఇంకెవలతోనన్న..."

"ఇప్పటిదాంక ముట్టిందెవలు మరి?" అన్నది. చుట్టూ ఉన్న నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆకు విప్పి గుత్తిని ఆమె రెండు చేతుల్లో పెట్టాను. ఆమె వాసన చూసి కండ్లు మూసుకుంది. అప్పుడే మెట్ల పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి గొంతు వినిపించింది. బట్టల దుకాణం సేటమ్మ. ఆమె కోడలి కాన్పు సుగుణక్క చేతి మీదే జరిగిందట, ఆ చనువుతో పెండ్లికి పిలిస్తే వచ్చిందట.

"నువ్వు పూల మల్లయ్య బిడ్డవు గద? మొగడు పోయిన పిల్లవు?"

"అవునమ్మా" అన్నాను. ఆమె కోపంగా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సుగుణక్క ఆ గుత్తితో లోపలికి నడుస్తుంటే నేను గేటు బయటికి వచ్చి చువ్వల సందుల్లోంచి చూశాను. ఒక్క పువ్వు కూడా రాలలేదు. సంతోషం, భయం రెండూ నాతోపాటే ఇంటిదాకా వచ్చాయి.

బండ్లు నడిచాక అమ్మ, బాపమ్మ వచ్చారు. స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేలోపే ఎవరో చెప్పేశారు. అమ్మ మూట దించకుండానే ఏడుపు అందుకుంది. బాపు పందిరి కింద నుంచి కదలలేదు. బాపమ్మ గడపలో తన చోటులో కూర్చుని, తమాకు నోట్లో పెట్టుకుని, "ఎట్ల కట్టినవ్? కట్టి సూపియ్యి" అన్నది.

నేను ఈనెలు తీసి మళ్లీ కట్టాను, చిన్నది. ఆమె కర్రతో ఎత్తలేదు. చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. పిడికిట్లో బిగించి చూసి, "ఈనె గీరుతున్నది. పట్టుకునే కాడ మెత్తటి గుడ్డ సుట్టాలె. గా పిల్ల చేతులు గీసుకపోయినయో ఏమో" అన్నది. అంతే. నేను తిట్ల కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను, అవి రాలేదు.

సేటమ్మ తనే వచ్చింది. అది కూడా మర్యాదే అనుకోవాలి, వేరొకరితో చెప్పి పంపలేదు. పందిరి కింద పీట వేశాం, కూర్చోలేదు. "ముసలవ్వా, మా బిడ్డ పెండ్లి పూలు మీ ఇంటియే కావాలె. పూలల్ల మీకు పేరున్నది. గని గీ పిల్ల చెయ్యి తాకొద్దు. ఒట్టు వెయ్యి, నేను సల్లగ పోత."

అమ్మ ఒట్టు వేయడానికి ముందుకు వచ్చింది. బాపమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఒట్టెందుకు సేటమ్మా. నా కోడలికి సూపు ఆనుత లేదు. ఇగ ఈ ఇంట్ల పూలు కట్టేది గీ పిల్లనే. కావాల్నంటే కట్టిస్త. వద్దంటే నీ మీద నాకేం కోపం లేదు, తల్లీ."

అమ్మ చూపు అప్పుడు డేగ చూపులా ఉండేది. సేటమ్మ నన్ను, బాపమ్మను చూసి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ పెండ్లికి మేం పూలు కట్టలేదు. ఇంకా కొన్ని ఇండ్ల బేరాలు కూడా పోయాయి. దవాఖాన నర్సుల పెండ్లిళ్లు, రైల్వే వాళ్ల పెండ్లిళ్లు వచ్చాయి. తరువాత ఎక్కడెక్కడివో వచ్చాయి. నన్ను చిట్యాలకు మారు మనువు ఇచ్చినప్పుడు ఆ విద్య నాతోపాటే ఈ దిక్కుకు వచ్చింది.

ఇప్పుడు స్రవంతి దుకాణంలో పూలు మంచుపెట్టెల్లో బెంగుళూరు నుంచి దిగుతాయి. కాడలు మూరెడేసి ఉంటాయి. ఆకుపచ్చ స్పంజి ముక్కలో గుచ్చితే రెండు రోజులు వాడవు. గుండ్రటివి, జాలువారేవి, ఒకే పువ్వుతో చేసేవి, ఎన్ని రకాల బొకేలు కావాలన్నా ఫోన్‌లో చూపించి చేస్తారు. కట్టే పిల్లల్లో ఒకామెకు భర్త పోయాడు, ఇంకొకామె వదిలేసి వచ్చింది. పెండ్లి స్టేజీ మీద వాళ్లే నిలబడి సర్దుతారు. ఎవరి చేయి అని అడిగేవాళ్లు తగ్గారు. పూర్తిగా పోలేదు, నేను వింటూనే ఉంటాను. పూల వాసన మాత్రం తగ్గింది. ఆ సికింద్రాబాదు పూలు వచ్చి ఉంటే నా బతుకు ఎటు పోయేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను. రాలేదు, అది చాలు.

సేటమ్మ వెళ్లిపోయిన ఆ రోజు మాపటిపూట అమ్మ పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తిపడేస్తూ ఉంది. బాపమ్మ గడపలో నుంచి లేచి పందిరి కిందికి వచ్చింది. మల్లెలు, కనకాంబరాలు ఉన్న గంపను కర్రతో కాదు, రెండు చేతులతో జరిపి నా ముందు పెట్టింది.

"గుత్తి కట్టినవ్, బాగనే ఉన్నది. పెండ్లిపిల్లకు జడ కుట్టుడు వచ్చా నీకు?"

"రాదు బాపమ్మా. నేర్చుకునేటందుకు ఎవల నెత్తి ఉన్నది?"

ఆమె నా వైపు వీపు పెట్టి కింద కూర్చుంది. ముడి విప్పింది. తెల్లగా, పలుచగా, భుజాల కిందికి జారిన ఆ జుట్టును నేను అంతకుముందు విప్పి ఉండగా చూడలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! నీ నెత్తి మీద పెండ్లిజడనా?"

"నా నెత్తికేమైందే?" అన్నది బాపమ్మ. "కుట్టు పోరీ. మెడ కాడి నుంచి మొదలువెట్టు. తలకాయలు ఒకదిక్కే ఉండాలె."